నాలుగో పిలుపు

జూన్ 12, ఉదయగిరి

అవ్వ ఇంట్లో ఫ్యానుకు రెండే స్పీడులు. ఒకటి తిరగనట్టు, రెండోది ఊడి మీద పడేటట్టు. మొదటిదే పెట్టుకుని చెమటలు కక్కుతూ రాస్తున్నాను.

ఉదయగిరిలో ఉన్న పాత కట్టడాలను కొలిచి, ఫొటోలు తీసి, బొమ్మలు గీసి పంపడం నా కొత్త ఉద్యోగం. ఆరు నెలల కాంట్రాక్టు. రోజూ ఆత్మకూరు నుంచి బస్సులో తిరిగితే నడుము విరుగుతుందని అమ్మ నన్ను తన పుట్టింటికి తోలింది. అసలు సంగతి నా నడుము కాదు. సురేంద్ర మామ పక్క వీధిలోనే ఉన్నా అవ్వ కోడలి చేతి వంట తినదు, ఒంటరిగా ఉంటానంటుంది. కాబట్టి నేను కాపలా. అమ్మ లెక్కలు అమ్మవి.

అవ్వ పేరు దేవకమ్మ. ఎనభై దాటింది. పిలిస్తే పలకదు. మొదటిసారి వినపడనట్టు, రెండోసారి ఎవరినో పిలిచినట్టు, మూడోసారి మనం ఇంట్లోనే లేనట్టు కూర్చుంటుంది. నాలుగోసారికి తల తిప్పి, "ఏంది మే, గొంతు పోతాది" అంటుంది. చెవుడేమోనని జాలిపడ్డాను. కాసేపటికి నాలుగిళ్ళ అవతల ఎవరి పొయ్యి మీదో పాలు పొంగిన చప్పుడు వినపడిందని ఇక్కణ్ణుంచే చెప్పింది.

జూన్ 16

కొండ మీద కోట పని సీనియర్లకు ఇచ్చారు. వాళ్ళకు డ్రోను ఉంది. నాకు టేపు ఉంది, కింద ఊరు ఉంది.

ఈరోజు పడమటి గవిని చూశాను. సీతారామపురం వెళ్ళే రోడ్డులో, ఊరి చుట్టూ ఉన్న పాత గోడంతా పోగా మిగిలిన ఒక్క ద్వారం. రెండు పక్కలా రాతి కట్టు, పైన ఇటుక కమాను, దాని మీద మొలిచిన పిచ్చిమొక్కలు. శాసనం లేదు, శిల్పం లేదు. లారీలు గీరుకుపోయిన గీతలున్నాయి. ఒక పక్క బోరు వేసేవాళ్ళ ఫోన్ నంబరు, ఇంకో పక్క ఇంటర్ కాలేజీ ర్యాంకుల పోస్టరు. ముందర నేల మీద నున్నగా అరిగిన పొడుగాటి బండ ఒకటి ఉంది. అది కట్టడంలో భాగం కాదు కాబట్టి గీయలేదు.

విజయవాడలో మా మేడంకు ఫొటో పంపితే, "ఇందులో ఏముంది నవ్యశ్రీ?" అన్నది. నాకూ అదే అనిపించింది. ఫారంలో "వాడుకలో లేదు" అని రాసేశాను.

జూన్ 17

మళ్ళీ గవిని దగ్గరికి వెళ్ళాను. ఒక కొలత తేడా వచ్చింది.

జూన్ 20

మళ్ళీ వెళ్ళాను. కొలతలో తేడా ఏమీ లేదు. మధ్యాహ్నం ఆ కమాను కింద చల్లగా ఉంటుంది, అంతకుమించి ఏమీ లేదు. గవినిని ప్రేమించేవాళ్ళు ఎవరుంటారు.

జూన్ 28

మామ భోజనానికి పిలిచాడు. మామ రోడ్డు కాంట్రాక్టులు చేస్తాడు, తెల్ల చొక్కా వేస్తాడు, నడుస్తూ ఫోన్లో మాట్లాడతాడు, కూర్చుని కూడా నడుస్తున్నట్టే మాట్లాడతాడు. నేను గీసిన బొమ్మలు చూపించాను. మెచ్చుకున్నాడు. గవిని బొమ్మ దగ్గర ఆగాడు.

"దీన్నెందుకు గీసినావు? సీతారామపురం రోడ్డు ఎడల్పు చేస్తన్నాం. ఇది పోతాది."

"పక్క నుంచి తిప్పచ్చు గదా మామా. పక్కనంతా ఖాళీ స్థలమే."

"ఆ స్థలం ఎవరిదనుకున్నావు?"

"ఎవరిది?"

"నాదే."

అక్కడ పెట్రోలు బంకు పెడతాడట. బంకు ఎలా ఉండబోతుందో ఫోన్లో బొమ్మ చూపించాడు. నా బొమ్మల కన్నా బాగుంది, అదే బాధ.

జులై 8

ఏదో ఒక ప్రాముఖ్యత చూపిస్తే గవినిని కాపాడాల్సిన వాటిలో చేరుస్తానని మేడం మాటిచ్చింది. దాని వయసు తెలుసుకుందామని ఊరంతా తిరిగాను. టీ అంగడిలో రాయలవారి కాలం అన్నారు. టైలరు దగ్గరా రాయలవారి కాలమే. ఉదయగిరిలో పాతదల్లా రాయలవారిదే. అవ్వ ట్రంకుపెట్టె గురించి అడిగినా అదే చెప్తారేమో. పుస్తకాల్లో వెతికాను, ఆత్మకూరు లైబ్రరీకీ వెళ్ళొచ్చాను. గవిని ఊసు ఎక్కడా లేదు. ఎవరూ యుద్ధం చేయలేదు, ఏ రాజూ గుర్రం దిగలేదు. పాపం, ఏమీ జరగని ద్వారం.

"ఆ గవిని గురించి నీకేమైనా తెలుసా అవ్వా?" అని నాలుగుసార్లు అడిగాను.

"తెలుసు" అని నిద్రపోయింది.

ఆగస్టు 9

గవిని ముందు జేసీబీ ఆగి ఉంది. అది గురుస్వామిది. ఈ ఊళ్ళో పాత గోడ ఎక్కడ కూలినా గురుస్వామి చెయ్యి ఉంటుంది. మనిషి మాత్రం వెన్నముద్ద, చీమను కూడా తప్పుకుని నడుస్తాడు.

నేను ఇంటికి పరుగెత్తాను. "అవ్వా" అని ఒక్కసారే అరిచాను. అవ్వ పలికింది. అది చూసి నాకే భయమేసింది. జేసీబీ సంగతి వినగానే పెట్టెలోంచి జరీ చీర తీసి కట్టుకుని, ఆటో పిలవమన్నది. గవిని దగ్గర దిగి, టీ అంగడి కుర్చీ తెప్పించుకుని, జేసీబీకి ఎదురుగా కూర్చుంది. మామ ఫోను జేబులో పెట్టి వచ్చాడు. మామ ఫోను జేబులో పెట్టడం నేను చూడటం ఇదే మొదలు.

"రేయ్ సురేంద్రా, మీ నాయన్ని యాడ దించినార్రా?"

"ఈడనే మా."

"నన్ను యాడ దించుతావు?"

"ఇప్పుడా మాటలెందుకుమా. జనం చూస్తన్నారు."

"చూడనీ. యాడ దించుతావో చెప్పు."

"ఈడనే."

"అయితే నన్ను దించిందాకా దీన్ని ఉండనీ. ఆ తర్వాత పగలగొట్టుకుంటావో పెట్రోలు పోసుకుంటావో నీ ఇష్టం."

"సరేలేమా, ఇంటికి పా."

"ఒట్టెయ్. నా మీద."

మామ అవ్వ తల మీద చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి వెంటనే తీయలేదు. గురుస్వామి ఇంజను ఆపేసి చేతులు కట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక అడిగాను, దించడమంటే ఏమిటని. నాకు తెలియదన్నందుకు ముందు నవ్వింది.

"పాడె ఎత్తినాక దోవలో ఆడ ఒకసారి దించుతారు మే. దింపుడుకళ్లం. పెద్దకొడుకు చెవికాడ మూడుసార్లు పిలస్తాడు, పానం ఇంకా ఉంటే పలుకుతారని. ఆడోళ్ళం ఆడిదాకే. ఆడినించి ఎనక్కి రావాల. మీ తాతని దించినారు, పిలిచినారు, ఆయన పలకలా, నేను తిరిగొచ్చేసినా. గవిని దాటినాక ఏమైనాడో నాకు తెలవదు. నాకు తెలిసినంతవరకూ ఆయన ఆడనే ఉండాడు."

తర్వాత తాత పొగరు గురించి, ఆయన చుట్టల గురించి తిట్టింది. తిట్లన్నీ ఆయన వీధిలో కూర్చుని వింటున్నట్టే తిట్టింది. ఇదంతా ఫారంలో రాద్దామంటే దానికి గడి లేదు.

ఆగస్టు 14

కట్టడ సంరక్షణ పనులు: ఉదయం అవ్వకు బీపీ మాత్ర వేశాను. పదింటికి రాగిజావ. మధ్యాహ్నం ఎండలో పెరట్లోకి వెళ్ళనివ్వలేదు. కట్టడం నిలకడగా ఉంది.

ఆగస్టు 21

ఊరంతా అవ్వ ఆరోగ్యం అడుగుతోంది. కూరగాయల అంగడిలో, బస్టాండులో, బ్యాంకు క్యూలో. "ఎట్టుండాది అవ్వకి?" అనేవాళ్ళలో సగం మంది అవ్వ కోసం, మిగతా సగం మంది రోడ్డు కోసం. రోడ్డు పడితే సీతారామపురానికి ఇంకో బస్సు వేస్తారన్న ఆశ వాళ్ళది. వాళ్ళను తప్పుపట్టలేను. కానీ "బాగుంది" అని చెప్పగానే కొందరి ముఖాలు చూడాలి.

రెబెకమ్మ మా వీధి నర్సమ్మ. వారం వారం వచ్చి బీపీ చూస్తుంది. "పెద్దమ్మా, నీ బీపీ నా బీపీ కన్నా బాగుండాది" అని పోయింది. ఆ మాట మామకు ఫోన్ చేసి చెప్పాను. "అట్టనా, మంచిది, మంచిది" అన్నాడు. రెండో మంచిది కొంచెం నీరసంగా వినిపించింది. పాపం, పనివాళ్ళను ఊరికే కూర్చోబెట్టాడు.

ఆగస్టు 30

గురుస్వామి బత్తాయిలు తెచ్చాడు. ఈ నెలలో మూడోసారి. మంచం పక్కన నిలబడి అవ్వ ముఖంలోకి అదోరకంగా చూస్తాడు.

"ఏం గురుస్వామీ, చూసిపోను వచ్చినావా, కొలత తీసుకోను వచ్చినావా?"

"అంత మాటంటే ఎట్టవ్వా. నువ్వు నిండు నూరేళ్ళు ఉండాల."

"ఉంటే నీ బండి తుప్పు పడతాది గదరా."

గురుస్వామి నిజంగానే ఆలోచనలో పడ్డాడు. తర్వాత, "తుడుస్తుంటాలే అవ్వా" అన్నాడు. అతను గుమ్మం దాటే దాకా మూలుగుతూ పడుకున్న అవ్వ, దాటగానే లేచి బత్తాయి ఒలవమన్నది.

సెప్టెంబరు 11

అవ్వకు కళ్ళు తిరిగాయి. ఎండ ఎక్కువగా ఉంది.

సెప్టెంబరు 13

మామ కారులో నెల్లూరు తీసుకెళ్ళాడు. స్కానింగ్ తీశారు. డాక్టరు మామను లోపలికి పిలిచి మాట్లాడాడు. తిరుగు దార్లో ఆత్మకూరులో అమ్మ ఎక్కింది. కారులో ఎవరూ ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు. అవ్వ ఒక్కతే మర్రిపాడు అడ్డరోడ్డు దగ్గర జామకాయలు కొనమని మారాం చేసింది.

సెప్టెంబరు 14

గవిని కమాను ఇటుకల మధ్య గారలో గవ్వల ముక్కలు కనిపించాయి. సున్నం గవ్వలు కాల్చి చేసి ఉంటారు. సముద్రం ఇక్కణ్ణుంచి ఎంత దూరం. ఎవరో బండ్ల మీద తెచ్చి ఉంటారు. రెండు గంటలు అదే చూస్తూ కూర్చున్నాను. చాలా ముఖ్యమైన విషయం.

సెప్టెంబరు 25

అవ్వ రెండు ఇడ్లీలు తిన్నది.

అక్టోబరు 2

ఒక ఇడ్లీ. కానీ పెద్దది.

అక్టోబరు 8

అమ్మ సెలవు పెట్టి ఇక్కడే ఉంటోంది. మామ రోజూ రెండుపూటలా వస్తున్నాడు. వచ్చి ఎదురుగా కూర్చుని "మా" అని పిలుస్తాడు. మూడుసార్లు పిలిచి ఊరుకుంటే అవ్వ కళ్ళు మూసుకునే ఉంటుంది. నాలుగోసారికి "ఏందిరా" అంటుంది. మామ దానికే సంబరపడి వెళ్ళిపోతాడు. కాంట్రాక్టు మనుషులు ఫోన్ చేస్తే, గవిని సంగతి అడిగితే, కసురుతున్నాడు. మొన్న గురుస్వామి బత్తాయిలు తెస్తే గుమ్మంలోనే ఆపి, "ఇంకెప్పుడూ రాబాక" అన్నాడట. గురుస్వామి సంచి గోడ మీద పెట్టి పోయాడు.

అక్టోబరు 12

జావ తాగిస్తుంటే అవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఏం మే, గవిని కోసం నాకు జావ పోస్తన్నావా?"

"అవును. నువ్వు పోతే నా బొమ్మలన్నీ దండగ."

"మంచిది. అబద్ధం చెప్పేటప్పుడు మొహం అట్ట పెట్టబాకు."

నేను ముఖం ఎలా పెట్టానో తెలియదు. గిన్నె కడగడానికి వెళ్ళి చాలాసేపు కడిగాను.

అక్టోబరు 17

పొద్దున జావ చేసి పిలిచాను. నాలుగుసార్లు పిలిచాను. ఐదోసారి అమ్మ వచ్చి నా నోరు మూసింది.

అక్టోబరు 20

అవ్వ పోయింది. రాయడానికి మూడు రోజులు పట్టింది. రాస్తే నిజమవుతుందనేమీ కాదు, పెన్ను కనిపించలేదు.

ఆరోజు పొద్దుటి నుంచీ సన్నగా వాన. ఊరంతా వచ్చింది. బీపీ బాగుందని చెప్తే ముఖాలు వాడిపోయిన వాళ్ళూ వచ్చారు, ఏడ్చారు, నిజంగానే ఏడ్చారు. డప్పుల వెనక పాడె, పాడె వెనక మేము. సీతారామపురం రోడ్డెక్కేసరికి వాన పెద్దదైంది. గవిని ముందర ఆ నున్నటి బండ మీద అవ్వను దించారు.

అప్పుడు చూశాను ఆ బండను. ఇన్ని నెలలు దాని మీద నా బ్యాగు పెట్టుకున్నాను, టిఫిన్ తిన్నాను. అదంత నున్నగా ఎందుకుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. మా తాతను, ఆయన తల్లిని, ఈ ఊళ్ళో పోయిన ప్రతివాళ్ళనూ దాని మీద దించారు. ఆడవాళ్ళమంతా తడవకుండా కమాను కిందికి చేరాం. నా పక్కన ఒకామె తన భర్తను దించినప్పుడు కూడా ఇక్కడే నిలబడ్డానని, ఈ రాయే పట్టుకున్నానని చెప్పింది. చెయ్యి పెట్టి చూపించింది. అక్కడ రాయి కొంచెం నలుపెక్కి ఉంది. నా బొమ్మలో ఆ నలుపును మరక అని రాశాను.

మామ వంగాడు. చొక్కా లేదు, తడి పంచె. చెవి దగ్గర "మా" అన్నాడు. మొదటిది జనానికి వినపడేటట్టు, కాంట్రాక్టరు గొంతుతో. రెండోది మామూలుగా. మూడోది బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి పిలిచినట్టు ఉంది.

పెద్దాయన ఎవరో "ఇంక ఎత్తండి" అన్నాడు. నలుగురూ పాడె మీద చేతులు వేశారు. మామ లేవలేదు.

"మా" అన్నాడు మళ్ళీ.

"మూడుసార్లే సురేంద్రా. చాలు, లెయ్" అన్నాడు పెద్దాయన.

"మాయమ్మ నాలుగోదానికి పలుకుతాది" అన్నాడు మామ.

డప్పులు ఆగిపోయాయి. అందరం నిలబడ్డాం, మేమందరం, గవిని కింద, వానలో, అవ్వ ఏందిరా అంటుందేమోనని. నేనైతే నమ్మాను. ఆ కాసేపు నిజంగా నమ్మాను.

తర్వాత ఎత్తారు. గవిని దాటి వెళ్ళారు. మేం వెనక్కి తిరిగాం. ఆ పైన ఏమైందో నాకు తెలియదు.

అక్టోబరు 29

పెద్దకర్మ అయింది. అవ్వను దించేశారు కాబట్టి మామ ఒట్టు తీరిపోయింది. బొమ్మలన్నీ ఒక సంచిలో సర్దాను. పోయేదేదో పోనీ, నాకేం పట్టింపు లేదు. పొద్దున్నే జేసీబీ వచ్చిందేమో చూసి వచ్చాను. మధ్యాహ్నం కూడా.

నవంబరు 3

జేసీబీ రాలేదు. గురుస్వామి టీ అంగడిలో కనిపిస్తే అడిగాను. "బండికి డీజిలు పైపు లీకవతన్నాదమ్మా. వరికుంటపాడులో మెకానిక్ కాడ ఉండాది" అన్నాడు. బండి అతని ఇంటి వెనక పట్టా కప్పుకుని ఉండటం నేను పొద్దున్నే చూశాను. అతనికి చెప్పలేదు.

నవంబరు 7

మామ ఫోన్ చేసి టేపు తీసుకుని గవిని దగ్గరికి రమ్మన్నాడు. వెళ్ళేసరికి అతని స్థలంలో సున్నంతో గీత పోసి ఉంది. రోడ్డు గవిని పక్క నుంచి వంపు తిరిగి, బంకు రావాల్సిన చోటు మీదుగా వెళ్తుంది.

"ఇదేంది మామా?"

"ఇంజనీరు చెప్పినాడు. కమాను కింద నేల మెత్తగా ఉండాదంట. రోడ్డు నిలబడదంట."

"ఇంజనీరు ఎప్పుడొచ్చాడు?"

"వస్తాడులే."

నేను నవ్వలేదు. చాలా కష్టపడ్డాను.

"మరి బంకు?"

మామ కాసేపు రోడ్డు వైపు చూశాడు. "మనోళ్ళనంతా దించిన జాగా ఇది. దీన్ని కొట్టేస్తే రేపు నన్ను యాడ దించుతారు నవ్యా, బంకులోనా?" అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, వాన లేకపోయినా.

తర్వాత నా బొమ్మ అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "బండ ఏది? బండ గీయలేదే" అన్నాడు. అది భాగం కాదనుకున్నానని చెప్పాను. అయితే ఇప్పుడు కొలువు అన్నాడు. టేపు రెండో కొస తనే పట్టుకుని బండ మీద వంగాడు. మామ ఆరడుగుల మనిషి. కొలత చూసి ముఖం చిన్నది చేసుకున్నాడు.

"నేను పట్టను గదమే."

"కాళ్ళు ముడుచుకో మామా. అప్పటికి చూద్దాం."

"మీ అవ్వ నోరే వచ్చింది నీకు" అన్నాడు. ఈ ఊళ్ళో నాకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే.

సాయంత్రం బొమ్మ మళ్ళీ గీశాను, బండతో సహా. ఫారంలో "వాడుకలో లేదు" కొట్టేసి, "వాడుకలో ఉంది" అని రాశాను. మేడం ఫోన్ చేసి ఏం వాడుక అని అడిగింది. చెప్పాను. ఈ ముక్క ఇంగ్లీషులో రాసి పంపమన్నది. ప్రయత్నించాను. అవ్వ ఇంగ్లీషులో పలకడం లేదు.

నవంబరు 14

కాంట్రాక్టు ఇంకా నెల ఉంది గానీ, మిగిలిన బొమ్మలు ఆత్మకూరులోనే గీయచ్చని మేడం ఒప్పుకుంది. ఇల్లు సర్దేశాం. ట్రంకుపెట్టె అమ్మ తీసుకుంది, ఫ్యాను ఎవరూ తీసుకోలేదు. గురుస్వామి బస్సులో తినమని బత్తాయిలు ఇచ్చాడు.

బస్సుకు ఇంకా టైముందని గవిని దాకా వెళ్ళాను. కొలతేమైనా తప్పిందేమో చూడాలి కదా. ఎవరో గొర్రెలు తోలుకొస్తున్నారు. మంద కమాను కింద నుంచి పోయేదాకా పక్కన నిలబడ్డాను. తర్వాత బండ దగ్గర కూర్చుని చెయ్యి వేశాను. ఎండకు వెచ్చగా ఉంది.

అవ్వా అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. మూడోసారి కూడా పిలిచాను, కొంచెం గట్టిగానే.

నాలుగోది పిలవలేదు. అది అలా ఉండనిచ్చి, వచ్చి బస్సెక్కాను.